మాట్లాడని బావతో గురుభక్తుల కొండకి

ముందే చెప్పేస్తున్నాను. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషిని కాను. అరసవల్లిలో లాడ్జి మేనేజరుగా ఏళ్ళ తరబడి పనిచేస్తున్నాను. కిటికీ తెరిస్తే పక్కింటి గోడకి తగిలే గదిని "గాలీ వెలుతురూ దండిగా ఉన్న గదండీ" అని అప్పగించి అప్పగించి, నా నాలుక అలాగే తిరగడం నేర్చుకుంది. మా ఆవిడ నేను ఏం చెప్పినా నాలుగుతో భాగించి వింటుంది. మీరూ అలాగే చెయ్యండి. కొండ ఎత్తు, నా ఆకలి, కోతుల జనాభా, అన్నిటినీ నాలుగుతో భాగిస్తే సుమారుగా నిజం దగ్గర తేలతారు.

అయితే ఒక్కచోట మాత్రం పెంచడం కాదు, ఏకంగా లేనిదాన్ని కల్పించాను. అదేదో చివర్లో నేనే చెప్తాను. ఈలోగా మీరు పట్టుకోగలిగితే మా లాడ్జిలో ఒక రాత్రి ఉచితం. వేడినీళ్ళు మాత్రం అడక్కండి.

నలభై బొటనవేళ్ళు

ఈ ప్రయాణం రత్నం మాస్టారి పుణ్యం. ఆయన హైస్కూల్లో సోషలు చెప్పి రిటైరయ్యారు. బాప్టిస్టు చర్చిలో పెద్ద. ఆదివారం ప్రార్థన తప్పరు, శనివారం వరకూ బుద్ధుణ్ణి వదలరు. వాట్సాప్‌లో గ్రూపు ఒకటి పెట్టి, రెండు రోజుల్లో రెండు కొండలెక్కుదాం, శుక్రవారం శాలిహుండం, శనివారం రామతీర్థం దగ్గర గురుభక్తుల కొండ, రెండు వేల ఏళ్ళ కిందటి బౌద్ధుల శిథిలాలు చూద్దాం అని రాశారు. నలభై మంది బొటనవేళ్ళు చూపించారు. డిసెంబరు చలికి శుక్రవారం తెల్లారేసరికి ఆ వేళ్ళన్నీ దుప్పట్లలోకి ముడుచుకున్నాయి. బయల్దేరింది ఐదుగురం.

మాస్టారు, నేను కాక మూడో మనిషి పోలమ్మ. ఊరు భావనపాడు. అక్కడి ఎండుచేపలు తెచ్చి శ్రీకాకుళంలో అమ్ముకుని, రాత్రయితే మా లాడ్జిలో పడుకుని, మర్నాడు తిరిగి వెళ్తుంది. ఆవిడ దిగిన గది వారం దాకా ఇంకెవరికీ ఇవ్వలేం, వాసన అలాంటిది. కొండెక్కుతావా అంటే, "పుట్టిన కాడ్నించి సముద్రమే సూస్తన్నాను, పై నించి ఎలాగుంతాదో సూడాల కదా" అంది.

మిగతా ఇద్దరూ మా అక్కా బావా. అక్కని మా వైపు అప్ప అంటాం. అప్పా వాళ్ళది భోగాపురం దగ్గర ఊరు. జీడితోట, పది కొబ్బరిచెట్లు, ఒక పెంకుటిల్లు. విమానాశ్రయానికి తీసుకుంటారని చెప్పుకునే ఊళ్ళలో అదీ ఉంది. నిజంగా ఊరు లేవాల్సి వస్తే ఎవరు ఎటన్నది తమలో తాము ముందే తేల్చుకోవాలని ఊళ్ళోవాళ్ళు ఆ ఆదివారం పొద్దున్న కూర్చోబోతున్నారు. ఒక దారి, అందరూ కలిసి కొత్త కాలనీకి పోయి, ఇప్పుడున్న వీధి వరసలోనే ఇళ్ళు కట్టుకోవడం. రెండో దారి, ఎవరికి వాళ్ళు విజయనగరం వెళ్ళి ఫ్లాటు కొనుక్కోవడం.

అప్పకి వీధి కావాలి. వీధంటే ఎదురింటి గౌరమ్మ. పెళ్ళయి ఆ ఊరొచ్చిన దగ్గర్నుంచీ ఈవిడ ఈ గుమ్మంలో, ఆవిడ ఆ గుమ్మంలో కూర్చుని, మధ్యలోంచి ఎడ్లబండి పోతున్నా ఆపకుండా మాట్లాడుకుంటూ కూరలు తరుగుతారు. ఆ కబుర్లు కలిపి పరిస్తే శ్రీకాకుళం నుంచి విశాఖపట్నం దాకా రోడ్డు పడుతుంది. బావకి ఏం కావాలో మాత్రం ఎవరికీ తెలీదు. ఒకసారి విజయనగరం వెళ్ళి ఫ్లాటు చూసొచ్చాడు. వచ్చి కాళ్ళు కడుక్కుని అన్నం తిన్నాడు. అంతే.

మా బావ అప్పలస్వామి మాట్లాడడు. మూగవాడు కాదు, పిసినారి. పెళ్ళిచూపులనాడు పిల్ల నచ్చిందా అని మా నాన్న అడిగితే, పళ్ళెంలోంచి ఇంకో సున్నుండ తీసుకుని కొరికాడు. అదే అవునని మేం లెక్కేసుకుని ముహూర్తం పెట్టేశాం. ఏనుగొచ్చి మీద కూర్చున్నా "ఊఁ" అంటాడు తప్ప లెమ్మనడు.

బయల్దేరేముందు అప్ప నన్ను మా లాడ్జి మేడమెట్ల కిందకి లాక్కెళ్ళింది.

"ఒరే సూరీ, నీ నోటికి రాయైనా మాటాడతాదంతారు కదా. కలిసెల్దామంతాడో, టౌనుకి పోదామంతాడో, మీ బావ సేత ఆ ఒక్క మాటా అనిపించు. ఊళ్ళోవోళ్ళ నోటెంట నాను ఇనకూడదు. ముందు నాకు తెలియాల."

నాకు అప్పగించిన పని అదీ. రెండు కొండలెక్కడం దాని ముందు ఎంత.

శాలిహుండం

వంశధార ఒడ్డున కొండ. చక్కగా మెట్ల దారి ఉంది, అయినా నేను ఎవరెస్టు ఎక్కినంత ఆయాసపడ్డాను. మాస్టారు ముందు నడుస్తూ ప్రతి ఇటుక దగ్గరా ఆగి పాఠం చెప్పారు. గుండ్రంగా ఉన్నవి స్తూపాలు, నలుచదరంగా ఉన్నవి భిక్షువులు ఉన్న చోట్లు. ఒక స్తూపం పునాదిలో ఇటుకల్ని స్వస్తిక్ ఆకారంలో పేర్చారు. దాన్ని చూసి అప్ప దండం పెట్టుకుంది. మాస్టారు వద్దనలేదు. ఆయన వద్దనేది ఇటుక మీద కూర్చోవడం ఒక్కటే. ఆ ఒక్కటే నేను చేస్తూ దొరికిపోయాను.

పైనుంచి నది సముద్రంలో కలిసే చోటు కనిపిస్తుంది. పోలమ్మ నడుం మీద చెయ్యేసుకుని చాలాసేపు చూసి, "ఇంతేనా, ఇంతలాగున్నాదా" అంది. తుపానుకి ఆ సముద్రమే ఒకసారి ఆవిడ ఇంటిని ఎత్తుకుపోయింది. ఈ ఎత్తు నుంచి అది ఆరేసిన లుంగీలా ఉంది. ఆవిడకి కొంచెం కోపం కూడా వచ్చినట్టుంది.

లాడ్జివాణ్ణి కాబట్టి నాకు ముందు తోచేది వేరు. ఈ బౌద్ధులు స్థలం ఎంచడంలో ఆరితేరినవాళ్ళు. నది, సముద్రం, గాలి, దిగువన భిక్షకి ఊళ్ళు. ఇవాళ ఇక్కడ లాడ్జి కడితే సంవత్సరం పొడుగునా గదులు ఖాళీ ఉండవు. ఆ మాట పైకి అంటే మాస్టారు నన్ను కొండ మీంచి తోసేస్తారని ఊరుకున్నాను.

మధ్యాహ్నం చెట్టు కింద పోలమ్మ మూట విప్పింది. చద్దన్నం, వేయించిన మెత్తళ్ళ ఎండుచేపలు, ఉల్లిపాయలు. మాస్టారు కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలెట్టారు. ఆ ప్రార్థనలో మా ఐదుగురినీ, ఆటో డ్రైవర్నీ, కొండనీ, అప్పా వాళ్ళ ఊరినీ పేరుపేరునా ప్రస్తావించారు. ఊరి పేరు వచ్చినప్పుడు అప్ప తలొంచుకుంది. బావ అప్పటికే తినేస్తున్నాడు. ఊరి పేరు విని నోట్లో ముద్ద నవలడం ఆపాడు. ఆమెన్ అన్నాక మళ్ళీ మొదలెట్టాడు.

అదే సందని నేను బావ పక్కకి జరిగాను. "బావా, చూశావా, ఇల్లూ వాకిలీ వద్దని వచ్చేసిన సన్నాసులు కూడా విడివిడిగా ఉండలేదు. పక్కపక్కనే గదులు కట్టుకున్నారు."

"ఊఁ" అన్నాడు.

ఇంకో పక్కనుంచి నరుక్కొచ్చాను. "అయినా టౌన్లో సుఖం వేరులే. నూతిలో చేద వెయ్యక్కర్లేదు, కుళాయి తిప్పితే నీళ్ళు."

దానికీ "ఊఁ" అన్నాడు. రెండు ఊఁలకీ తేడా పట్టడానికి సంగీతం వచ్చినవాడు కావాలి. మెత్తళ్ళు బాగున్నాయని చెప్పడానికి మాత్రం ఇంకో రెండు తీసుకున్నాడు.

విజయనగరంలో ఇడ్లీ

శనివారం పొద్దున్నే విజయనగరంలో దిగాం. మా శ్రీకాకుళం వాళ్ళకి విజయనగరం అంటే కొంచెం మంట. కోట ఉంది, పెద్ద చెరువు ఉంది, సంగీతం ఉంది అని వాళ్ళు మాట్లాడుతుంటే మా దగ్గర ఏదీ లేనట్టు ఉంటుంది. నిజానికి మాకు అరసవల్లి గుళ్ళో సాక్షాత్తూ సూర్యుడే ఉన్నాడు. అయినా న్యాయంగా చెప్పాలి. మా ఊళ్ళో ఇడ్లీకి రెండోసారి చట్నీ అడిగితే వేస్తారు. ఇక్కడ అడక్కుండానే వేశారు, పైగా అల్లప్పచ్చడి వేరే గిన్నెలో పెట్టి పక్కనే వదిలేశారు. నేను తిన్న ఇడ్లీలు లెక్కపెడితే హోటలువాడు కుర్చీలో కూలబడి ఉండేవాడు. ప్లేటు పాతిక రూపాయలు.

నెల్లిమర్ల వైపు ఆటోలో పోతుంటే బావ డ్రైవరు భుజం తట్టి ఆపించాడు. రోడ్డు పక్కన నాలుగంతస్తుల అపార్టుమెంటు. బావ దిగి, చేతులు వెనక్కి కట్టుకుని, పైకి చూస్తూ నిలబడ్డాడు. మూడో అంతస్తు బాల్కనీలో ఒకావిడ బట్టలు ఆరేస్తోంది. ఆరేసింది. బకెట్టు తీసుకుంది. అటూ ఇటూ చూసింది. లోపలికెళ్ళి తలుపేసుకుంది. బావ ఆ తలుపుకేసి ఇంకాస్త సేపు చూసి వచ్చి ఆటో ఎక్కాడు.

"అదే, మొన్న సూసొచ్చినది?" అంది అప్ప.

బావ తలూపాడు. అవునన్నట్టా, బాగుందన్నట్టా అన్నది చెప్పలేదు. రామతీర్థం దాకా అప్ప మళ్ళీ నోరిప్పలేదు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ మాట్లాడకపోతే ఆ ఆటోలో మాటల భారమంతా నా మీదే పడింది. గొంతు బొంగురుపోయింది.

దేవుడు లేని కొండ

రామతీర్థంలో శనివారం జనం బాగానే ఉన్నారు. కోతులు జనం కంటే బాగా ఉన్నాయి. మా చేతుల్లో ఏం కనిపించినా లాక్కున్నాయి. పోలమ్మ సంచీని మాత్రం ఒక ముసలి కోతి దగ్గరికొచ్చి వాసన చూసి, తన పిల్లల్ని వెనక్కి పిలుచుకుని వెళ్ళిపోయింది. గుడి ఊళ్ళో ఆ సంచీ తిప్పకూడదని మాస్టారు దాన్ని ఆటోలోనే పెట్టించారు. తిరిగొచ్చేసరికి డ్రైవరు ఆటో వదిలేసి దూరంగా టీకొట్టులో కూర్చుని ఉన్నాడు.

దారి మొదట్లో ఒకావిడ తేగలు అమ్ముతోంది. కట్ట ఇరవై రూపాయలు, కాల్చినవి. కొంటూ గురుభక్తుల కొండకి దారెటని అడిగాం. ఆవిడ మమ్మల్ని ఎగాదిగా చూసింది.

"ఆ కొండకేటికి? దేవుడు ఈ కొండ మీద కదా ఉన్నాడు. అక్కడేటీ నేదు."

పాత గోడలు చూడ్డానికని మాస్టారు చెప్పారు. పాత గోడలు చూడ్డానికి కొండెక్కాలా, మా ఇంటికి రండి చూపిస్తాను అంది. అయినా జాలిపడి ఇంకో తేగ వేసింది.

కొంతదూరం మెట్లున్నాయి. తర్వాత రాళ్ళు, తుప్పలు. మెట్లు అయిపోయిన చోటే నా కొత్త బూటు అడుగు ఊడి మొసలి నోరులా తెరుచుకుంది. ఈ ప్రయాణం కోసమే కొన్నాను. పోలమ్మ కొంగు ముడిలోంచి వల అల్లే దారం తీసి, బూటుకీ అడుగుకీ కలిపి అటూ ఇటూ తిప్పి నాలుగు ముళ్ళేసింది. ఆ ముడి ఇవాళ్టికీ ఊడలేదు. బూటు విప్పాలన్నా ఊడలేదు, అది వేరే సంగతి.

ఆగిన చోటల్లా బావ పక్కన చేరాను. మోకాలి నొప్పి గురించి మాట్లాడాను, మూడో అంతస్తు ఎక్కాలంటే ఎంత కష్టమో చెప్పాను. పనిచెయ్యకపోయేసరికి లిఫ్టు ఎంత సుఖమో చెప్పాను. కొత్త కాలనీ, పాత బంధం, పక్కిళ్ళు, గౌరమ్మ మొగుడితో కలిసి బావ కాల్చే చుట్ట, ఒక్కటీ వదల్లేదు. చివరికి అడిగేశాను.

"బావా, రేపు ఏటంతావు?"

బావ ఆగి, నా చేతిలో తేగ తీసుకుని, నిలువునా చీల్చి, లోపలి లేత మొలకని, చందమామ అంటామే, దాన్ని నాకిచ్చి మిగతాది తను నమిలాడు. తినేదాంట్లో తియ్యని ముక్క అదే. దాన్ని నా మీద ప్రేమ అనుకోవాలో, నోరు మూసుకో అన్నట్టు అనుకోవాలో తెలీక నమిలేశాను.

కొండ చెక్కిలి మీద

పైకెళ్ళాక శిఖరం ఉంటుందనుకున్నాను. శిఖరం కాదు, కొండ చెక్కిలి మీద సన్నగా పొడవుగా ఒక అంచు. ఒక పక్క గోడలా లేచిన బండ, ఒక పక్క నేరుగా లోయ. ఆ అంచు మీద వరసగా ఇటుక కట్టడాలు. స్తూపం పీఠం, ప్రార్థన మందిరాల పునాదులు, భిక్షువుల గదులు. గదులంటే గోడలు మోకాలెత్తు మాత్రం మిగిలాయి. కింద చెరువులు అద్దాల్లా, కోసిన వరిచేలు చాపల్లా పరిచి ఉన్నాయి. గాలి నన్ను ఒరిస్సాలో పడేసేలా ఉంది, అందుకని కూర్చున్నాను. ఈసారి ఇటుక మీద కాదు.

గదులు కొలిచాను. మా లాడ్జి సింగిల్ రూముకంటే ఒక జానెడు చిన్నవి, కానీ ఇరుకనిపించలేదు. కప్పు లేకపోవడం వల్ల కాబోలు. అప్ప ఒక్కో గదిలోకీ దిగి తిరుగుతోంది. ఇది వంటిల్లు, ఇదిగో ఈ మూల దేవుడి అర, ఇక్కడ గాబు, అని పోలమ్మకి చూపిస్తోంది. భిక్షువులు అటూ ఇటూ గదులు కట్టుకుని మధ్యలో వసారా వదిలారు. అప్ప అక్కడ ఆగిపోయింది.

"సూడు పోలమ్మా, ఈ గది గుమ్మం ఆ గది గుమ్మానికి ఎదురు పెట్టేరు" అంది.

ఇక్కడ ఒక ఆచారం చెప్పాలి. సింహాచలం గిరి ప్రదక్షిణలో చూసే ఉంటారు. దారి పక్కన జనం రాయి మీద రాయి పేర్చి దండం పెట్టుకుంటారు. అలా చేస్తే సొంతిల్లు అమరుతుందని నమ్మకం. ఎన్ని రాళ్ళు నిలబడితే అన్ని అంతస్తులు. కొండ మీదికి వెళ్ళి రాయి పేర్చకుండా దిగిన ఆడమనిషి మా వైపు లేదు.

మాస్టారు స్తూపం చుట్టూ తిరుగుతూ ఫోటోలు తీసుకుంటున్నారు. నేను బూటుతో కుస్తీ పడుతున్నాను. తలెత్తి చూసేసరికి అప్ప ఆ గది మూలనే కూర్చుని ఇల్లు కట్టేసింది. దేనితో కట్టిందనుకున్నారు? భిక్షువుల గోడల పక్కన రాలి పడున్న పాత ఇటుక ముక్కల్తో. ఇల్లూ వాకిలీ అక్కర్లేదని వదిలేసి వచ్చినవాళ్ళ ఇటుకలతో ఇల్లు కావాలని మొక్కుకున్న మనిషి ఈ రెండు వేల ఏళ్ళలో మా అప్ప ఒక్కతే అయి ఉంటుంది.

అప్పుడే కాపలా మనిషి వచ్చాడు. పేరు సన్యాసి. ఆ పేరు పెట్టుకుని ఆ చోటికి కాపలా ఉన్నందుకు మెచ్చుకుందామనుకున్నాను కానీ, అతని మొహం మెచ్చుకునేలా లేదు.

"అమ్మా, ఆ ముక్కలు ఎక్కడివక్కడే ఉండాల. తీసెయ్యండి."

అప్ప కదల్లేదు. "మొక్కుకుని కట్టిన ఇల్లు బాబూ. సేత్తో పడగొట్టమంతావేటి?"

సన్యాసి దగ్గరికొచ్చాడు. ఆ ఇటుకల ఇంటిని చూశాడు, బుర్ర గోక్కున్నాడు. మరి నువ్వే తియ్యి అన్నాను. తియ్యడట. ఆరు నెలల కిందట సింహాచలంలో వాళ్ళావిడా తనూ రెండంతస్తులు పేర్చి వచ్చారట, పునాది తవ్వుతున్నారట, ఇలాంటప్పుడు ఇంకొకరి ఇంటి మీద చెయ్యి వెయ్యలేడట. పోలమ్మని అడిగాం. "ఒకసారి ఇల్లు పడిపోడం సూసేను, ఇంకోసారి నా సేత్తోనా" అని అటు తిరిగిపోయింది. నేనా? బూటు పాడైపోయిందని చెప్పాను.

ఇక మిగిలింది రత్నం మాస్టారు. ఆయనకి ఈ నమ్మకాలు లేవు. పైగా ఇటుక కదిపితే ప్రాణం కొట్టుకుపోయే మనిషి. మీరే తీసెయ్యండి మాస్టారూ అన్నాం అందరం.

మాస్టారు వంగారు. పై ముక్క మీదికి చెయ్యి చాచారు. చెయ్యి అక్కడే ఆగింది. లేచి నిలబడి కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

"నాకు నమ్మకం లేదు. కానీ ఆవిడకుంది కదయ్యా" అన్నారు.

అలా బావ తప్ప నలుగురం, కాపలా మనిషితో ఐదుగురం, మూరెడు ఎత్తు లేని ఇంటి చుట్టూ నిలబడ్డాం. తియ్యకపోతే సన్యాసికి మాట వస్తుంది. తీస్తే అప్ప ఆ రాత్రి నిద్రపోదు. అసలే లేచిపోబోయే ఊళ్ళో మనిషి.

వీధి

బావ వచ్చాడు. అంతసేపూ అంచు చివర నిలబడి కింద చేలు చూస్తున్నాడు. అప్ప పక్కన గొంతుక్కూర్చుని, పై ముక్క తీశాడు. అప్ప మొహం పాలిపోయింది. బావ ఆ ముక్కని తీసుకెళ్ళి అది ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ గోడ పక్కన పెట్టాడు. తర్వాత గదుల అవతల, ఖాళీ బండ మీదికి వెళ్ళాడు. మామూలు కొండరాయి ఒకటి ఏరి అక్కడ పెట్టాడు. తిరిగొచ్చాడు. రెండో ముక్క తీశాడు, దాని చోట్లో పెట్టాడు, ఇంకో కొండరాయి ఏరి మొదటిదాని మీద నిలబెట్టాడు.

అప్పుడు అర్థమైంది. ఇల్లు పడగొట్టడం లేదు. మారుస్తున్నాడు.

కొండరాళ్ళకి అభ్యంతరమా అని మాస్టారు అడిగారు. దారికి అడ్డం కాకపోతే నాకేటి పని అన్నాడు సన్యాసి, ఊపిరి పీల్చుకుని.

ఇల్లు మారడం అయిపోయింది. దాని ముందు చిన్న పలకరాయి ఒకటి గుమ్మంలా పెట్టాడు. లేస్తాడనుకున్నాం. లేవలేదు. ఆ ఇంటి పక్కన ఇంకో ఇల్లు పేర్చాడు, దాని పక్కన మరొకటి. ప్రతి దానికీ ఒక పలకరాయి. అప్ప దగ్గరికెళ్ళి కూర్చుంది.

"ఇదెవులిది?" అంది. బావ జవాబు చెప్పకుండా ఆ ఇంటి పక్కన ఒక గుండ్రటి రాయి పెట్టాడు. "నూతి గట్టు. అయితే సూరమ్మోళ్ళది" అంది అప్ప.

తర్వాత బావ ఇటు వరస వదిలి ఎదురు వరసలోకి వెళ్ళాడు. తన ఇంటికి సరిగ్గా ఎదురుగా ఒక ఇల్లు పేర్చి, పలకరాయి పెట్టాడు. తొందర్లో దాన్ని అవతలి వైపు పెట్టాడు.

"అది గౌరమ్మది కదా. గుమ్మం అటెట్టేవేటి?" అంది అప్ప.

అప్పుడు బావ తలెత్తి అన్నాడు: "గౌరమ్మ గుమ్మం మన గుమ్మానికి ఎదురుగానే ఉంటాది. అందరం కలిసే ఎల్దాం. నువ్వు బెంగెట్టుకోకు."

ఆ మనిషి ఒక్క గుక్కలో అన్ని మాటలాడగా నేను వినడం అదే మొదటిసారి. అప్ప కొంగుతో మొహం తుడుచుకుని, తనూ రాళ్ళు ఏరడం మొదలెట్టింది.

ఆ పైన అందరికీ పూనకం వచ్చింది. పోలమ్మ వీధి చివర ఒక రాయి పెట్టి, సముద్రానికి దూరంగా ఇది నాది, ఎండుచేపల వాసనకి ఎవులూ ఏటీ అనకూడదు అంది. సన్యాసి అటూ ఇటూ చూసి తనదీ ఒకటి పెట్టాడు. మాస్టారు నమ్మకం లేదంటూనే పొడుగాటి పలక ఒకటి మోసుకొచ్చి వీధి మధ్యలో పరిచారు, సాయంత్రం కూర్చోవడానికట. నేను నాలుగంతస్తుల లాడ్జి మొదలెట్టాను. మూడో అంతస్తు కడుతుండగానే కూలింది. దాన్ని చూసి అప్ప నవ్వింది. ఆ నవ్వు కోసం ఇంకో రెండుసార్లు కట్టి కూల్చాను.

దిగొచ్చాక

కింద తేగలావిడ అక్కడే ఉంది. "ఏటి సూసేరు?" అని అడిగింది. అక్కడేటీ లేదు అని అప్ప నవ్వుతూ చెప్పి ఇంకో కట్ట కొంది. గౌరమ్మకట. నెల్లిమర్లలో అప్పా బావా వాళ్ళ ఊరివైపు ఆటో ఎక్కారు. మాస్టారు ఆదివారం ప్రార్థనకి అందుకోవాలని మమ్మల్ని పరుగెత్తించారు. వల దారం ముడేసిన బూటుతో నేను గుర్రంలా పరుగెత్తాను. ఇక్కడ కూడా నాలుగుతో భాగించుకోండి.

ఆదివారం మధ్యాహ్నం అప్ప ఫోన్ చేసింది.

"బావేటన్నాడు?" అన్నాను.

"ఏటంతాడు? కాలనీకెల్లేవోళ్ళు ఇటు, టౌనుకెల్లేవోళ్ళు అటు కూకోమన్నారట. ఎల్లి గౌరమ్మ మొగుడి పక్కన కూకున్నాడు. సుట్ట కూడా ఆడిదే కాల్సేడట."

కొత్త కాలనీ ఎప్పుడొస్తుందో, అసలు ఊరు లేస్తుందో లేదో ఇది రాసేనాటికి ఎవరికీ తెలీదు. అప్పా గౌరమ్మా మాత్రం పాత గుమ్మాల్లోనే కూర్చుని కూరలు తరుగుతున్నారు.

ఇక నేను కల్పించినదేదో చెప్పాలి. కోతులు అనుకుని ఉంటారు. కాదు, ముసలి కోతి నిజం. కాపలా మనిషి పేరు అనుకున్నారా? మా వైపు ప్రతి రెండో ఇంట్లో ఒక సన్యాసి ఉంటాడు. మాస్టారి చెయ్యి ఆగిపోవడం నా కళ్ళతో చూశాను.

కల్పించింది బావ మాటలు. గౌరమ్మ గుమ్మం గురించి, కలిసి వెళ్ళడం గురించి, బెంగ గురించి బావ ఒక్క ముక్క కూడా అనలేదు. రెండు రోజులు రెండు కొండల మీద నేను ఎంత గింజుకున్నా ఆ నోట్లోంచి "ఊఁ" తప్ప ఏమీ రాలేదు. అప్ప నాకు అప్పగించిన పని నావల్ల కాలేదు. ఆ సంగతి ఒప్పుకోలేక, బావ చేత నేనే అనిపించేశాను.

జరిగింది ఇది. గుమ్మం అటెట్టేవేటి అని అప్ప అడిగింది. బావ చెయ్యి చాచి, అవతలున్న ఆ పలకరాయిని తీసి, ఇవతల పెట్టాడు.

అరచేతిలో పట్టే రాయి. ఇంతకాలం నుంచీ అన్నిటినీ పెంచి చెప్పడమే పనిగా ఉన్నాను కదా, దాన్ని ఎలా పెంచాలో మాత్రం నాకు తెలియలేదు.